నేను తిప్పిన ఎర్రముల్లు

"అక్కా, ఆ ముల్లు నువ్వేమన్నా తిప్పినావా?"

"నేను యాల తిప్పుతా? నాకేం పని?"

పుంగనూరు బస్టాండులో మా తోడికోడలు రత్నమ్మా నేనూ మాట్లాడుకున్న కడపటి మాటలు ఇవే. ఆమె కుప్పం బస్సెక్కి పుట్టింటికి పోయింది. మళ్ళా రాలా. నా అబద్ధం పన్నెండేండ్లుగా గొంతులో కఫం మాదిరి ఉండాది. మింగలేను, ఉమ్మలేను.

రెండిండ్లకీ ఒకటే బావి, ఒకటే మోటారు, మోటారు కొట్టంలో ఒకటే అలారం గడియారం. మా ఇద్దరికీ గంటలు సూడను రాదు. అందుకని వంతు మొదలయ్యేటప్పుడు అలారం ఎర్రముల్లును చిన్నముల్లు మీదికి తిప్పి పెడతాం. చిన్నముల్లు ఆడినించి మూడంకెలు దాటితే వంతు అయిపోయినట్టు.

ఆ పొద్దు రత్నమ్మ వంతు. ముల్లు పెట్టి, టమాట కయ్యలకు నీళ్ళు మళ్ళించను పోయింది. పక్క కొట్టంలో నేను పట్టుపురుగులకు ఆకేసినా. మళ్ళా ఎప్పుడెయ్యాలో తెలియాలని మోటారు కొట్టంలోకి పోయి, అదే ఎర్రముల్లును, అప్పటికి రెండంకెలు జరిగిండే చిన్నముల్లు మీదికి తిప్పేసినా. అది ఆమె పెట్టుకున్న గుర్తని తోచనే లేదు. ఆమె వచ్చి, నా గుర్తునించి లెక్కేసుకొని, రెండు గంటలు ఎక్కువ తోడింది.

మా వంతుకు బావిలో బురద. మా ఆయన వీధిలో నిలబడి అరిచినాడు: "నీళ్ళ దొంగా! నీ కడుపులో ఏమన్నా చెరువుండాదా?"

"ముల్లు సూసే ఆపినా బావా, ఒట్టు," అనింది. ఎవరు నమ్ముతారు? ఆమె మొగుడే నమ్మలా. జుట్టు పట్టి ఈడ్చినాడు.

నాకు ఆ నిమిషమే తెలిసిపోయింది. నోరు తెరవలా. యాల తెరవలా? మొగుడు కొడతాడని భయం, అని ఇన్నేండ్లూ నాకు నేనే చెప్పుకుంటా వచ్చినా గానీ, ఆమె పైరు మా పైరుకంటే పచ్చగా ఉండేది, ఆమె దొంగైతే నాకు లోపల తియ్యగా ఉండింది. థూ! నేనూ ఒక ఆడదాన్నా?

ఆమె కుప్పంలో వదిన మాటలు పడతా, కూలికి పోతా, పోయినేడు కన్ను మూసింది. నా మొగుడు పోయి ఆరేండ్లు. కొట్టేవాడు లేడే, ఇప్పుడు నేనుండే మదనపల్లెనించి ఒక్కసారి పోయి చెప్పినానా? చెప్పలా. ఎదురడిగే మనిషి చచ్చినాక మీకు చెప్తాండా. ఇది ఇంకా రోత.

క్షమించమని ఎవర్నీ అడగను. ముల్లు తిప్పింది నేను. రత్నమ్మ దొంగ కాదు. ఈ మాట బయటికి అంటే కొంచెం ఊపిరాడతాండాది. అదీ నాకు తగదేమో.

మా తమ్ముని కూతురు గీత రాస్తాండాది. గీతా, అంతా రాసినావా? మేనత్త కదా అని యాడన్నా మెత్తగా రాసుంటావు. యేదీ, మొదట్నించి సదువు. ఇంటా.