తేమ గడి

ఈవేళ పొద్దున ప్రయోగశాల కిటికీ తెరవగానే తడిమట్టి వాసన కొట్టింది. చేతిలోని గాజు పలకలు పక్కన పెట్టి, నోటుబుక్కులో తేమ అన్న గడిని ముందు నింపాను. ఈ అలవాటు నాకు నారాయణప్ప సార్ వల్ల వచ్చింది.

అనంతపురంలో ఆయన దగ్గరే నేను పరిశోధన చేశాను. ఎండను కరెంటుగా మార్చే కొత్తరకం పూతల్లో సీసం వాడతారు. అది విషం కాబట్టి, దాని బదులు బిస్మత్‌ను అయోడిన్‌తో కలిపి గాజు పలకల మీద పూత వేయడం మా పని. పూత నారింజ రంగులో తేలేది, ఆ రంగు పోతే ఇక దానితో పని లేదు. నోటుబుక్కులో తేదీ, వేడి, తేమ అని గడులు గీసుకుని, తేమ కొలిచే పరికరం కావాలని అడిగితే సార్ నవ్వారు. "ఈ ఊర్లో తేమ యాడుండాది తల్లీ? ఆ గడి వదిలేయ్" అన్నారు. వదిలేశాను. నలభై రోజులు బల్లమీద గాలికి పెట్టినా పూత రంగు మారలేదు. మామూలు గాలికి ఇది చెక్కుచెదరదని గొప్పగా వ్యాసం రాసేశాను. అది అచ్చయితేనే నాకు డాక్టరేట్. గడువు ఇక నెలే ఉంది.

వ్యాసం పంపడానికి రెండు రోజుల ముందు వాన పట్టుకుంది. మర్నాడు చూస్తే పలకలన్నీ వెలవెలబోయి, అక్కడక్కడ పసుపు మరకలు. పరుగెత్తుకుంటూ సార్ గదికి వెళ్లాను. ఆయన ఊళ్లో సేద్యం చేసే తమ్ముడితో ఫోన్లో ఉన్నారు. "ఆడ వాన పడిండాదా రా? చెనక్కాయ నిలబడతాదా?" అని అడుగుతున్నారు, ముఖం వెలిగిపోతోంది. ఇక్కడ నా కొంప మునిగిపోతుంటే ఈయనకు చెనక్కాయ గోలేమిటని ఒళ్లు మండిపోయింది. పలకలు ఆయన ముందు పెట్టాను. ఫోన్ పెట్టేసి, ఒక్కో పలకనూ వెలుతురుకు ఎత్తి చూశారు.

ఎవరికీ చెప్పకుండా వ్యాసం పంపేద్దామా సార్ అని అడిగాను. సిగ్గులేకుండా అడిగాను. ఆయన కసురుకోలేదు. నోటుబుక్కు తీసుకుని, ఖాళీ గడుల మీద మెల్లగా వేలు పోనిచ్చారు.

"తప్పు నీది కాదమ్మా, నాది. వాన రాదనుకోడం చిన్నప్పటినుంచీ అలవాటైపోయిండాది నాకు. పొడిగాలికి నిలిచింది, వానకు పోయింది. రెండూ రాద్దాం."

గడువు పెంచమని యూనివర్సిటీకి పెట్టిన అర్జీలో, విద్యార్థిని లోపమేమీ లేదనీ, కొలవొద్దన్నది తానేననీ సొంత చేత్తో రాసి సంతకం పెట్టారు. అంతటి మనిషి నాకోసం తల దించుకోవడం చూసి నాకు ఏడుపు ఆగలేదు. డాక్టరేట్ ఏడాది ఆలస్యంగా వచ్చింది.

సార్ పోయి మూడేళ్లయింది. నేనిప్పుడుండేది వానల ఊరు, తేమ గడి ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండదు. ఈవేళ అంకె వేసి, వాన పడ్డ ప్రతిసారీ చేసినట్టే ఆయన తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఆడ పడిండాదా చిన్నాయనా?"