ఎద్దుకు పేరైనా పెట్టని నవల

కంటి ఆపరేషన్ అయిన మా అత్తను డాక్టర్లు పుస్తకం ముట్టుకోవద్దన్నారు. చదవకుండా ఉండలేని మనిషి కదా, నేనే చదివి వినిపిద్దామని తిరుపతి బస్టాండులో ఒక నవల కొని, చంద్రగిరి దగ్గర ఆమె ఊరికి పోయాను. అట్ట మీద టోపీ పెట్టుకున్న మగవాడు, వెనక ఎగిరి దూకుతున్న ఎద్దు. అమెరికాలో రోడియో అని ఎద్దుల మీద స్వారీ పందేలు జరుగుతాయట. అక్కడి ప్రేమకథను తెలుగులోకి దించారు. ఎద్దులంటే ప్రాణమిచ్చే అత్తకు ఇంతకంటే మంచి పుస్తకం ఏముంటుంది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సగం చదివేసరికి నాకే రోత పుట్టింది. హీరో ఎద్దు మీద నుంచి పడి భుజం విరగ్గొట్టుకుంటాడు, తర్వాతి పేజీలో అదే భుజంతో హీరోయిన్‌ను ఎత్తుకుంటాడు. ఆ పిల్ల తెల్లగౌను వేసుకుని పశువుల దొడ్డిలో తిరుగుతుంది, ఒక్క పేడమరక అంటదు. ఎద్దుకు మేత వేసేవాడు లేడు, నీళ్లు పెట్టేవాడు లేడు. కనీసం దానికి ఒక పేరైనా లేదు. ఛీ, ఇదేం పుస్తకం అనుకుంటూ తలెత్తితే, ఎదురుగా గోడకు వేలాడుతున్న చెక్కపలక కనిపించింది.

అది మా మామ చేసిన తప్పు. మామ అంటే మా అమ్మ తమ్ముడు, ఈ అత్త మొగుడు. మా వైపు పశువుల పండగకు ఎద్దు కొమ్ములకు పలక కట్టి వీధిలోకి వదులుతారు. కుర్రాళ్లు ఎగబడి లాగుతారు, ఎవడి చేతికి చిక్కితే వాడిదే ఆ పలక. పలకతో తిరిగొచ్చిన ఎద్దే ఇంటికి పరువు. అత్తను చేసుకోవాలని ఆశపడుతున్న మామ, తన మగతనం చూపించడానికి పోయి పోయి ఆమె ఇంటి ఎద్దు పలకే లాగేశాడు. ఆ పెనుగులాటలో దాని కొమ్ము మొదలు దగ్గర నెత్తురొచ్చింది. సుక్కోడు అని పేరు పెట్టి దాన్ని దూడప్పటి నుంచి సాకింది అత్తే.

“సుక్కోణ్ణి ఏడిపించినోడి ఇంటికి నేను పోను నాయనా,” అని తెగేసి చెప్పింది.

మర్నాడు మామ పసుపు, వేపనూనె పట్టుకొని, తలవంచుకొని పలక తిరిగివ్వడానికి పోయాడు. అత్త నాయన దాన్ని ముట్టుకోలేదు. “పలక నాకెందుకప్పా? ఎద్దు నిన్ను దగ్గరికి రానిస్తే అప్పుడు మాట్లాడదాం,” అన్నాడు. ఇక మామ రోజూ పచ్చిగడ్డి మోపు నెత్తిన పెట్టుకొని పోయేవాడు. సుక్కోడు బుస కొట్టేది, రెండుసార్లు తన్నింది కూడా. ఊరంతా నవ్వింది. ఏడాది తిరిగే లోపల ఒక పొద్దున అది మామ చెయ్యి నాకింది. పేడ ఎత్తుతున్న అత్త చూసి, “రేపు మీ అమ్మను పిల్సుకొని రా,” అని గంప ఎత్తుకొని పోయిందట.

నవల చివర హీరో గెలిచాడు, సూర్యుడు అస్తమించాడు, ముద్దు పెట్టుకున్నారు. అత్త కంటికి కట్టిన పచ్చగుడ్డ కింద నుంచి అడిగింది.

“ఆ ఎద్దు ఏమైనాది మే?”

పేజీలు వెనక్కి తిప్పి చూశాను. “రాయలేదత్తా.”

“థూ, అవతల పారెయ్.”

సుక్కోడు పోయిన రోజు మామ అన్నం ముట్టలేదు, గుంత తానే తవ్వాడు. ఇప్పుడు మామ కూడా లేడు. మొగుడి పేరు నోట పలకని అత్త ఏళ్లను ఇప్పటికీ తన లెక్కలోనే చెబుతుంది: సుక్కోడు ఉన్నప్పుడు, సుక్కోడు పోయినాక.