రెండు వేళ్ళ బిగింపు

అందరూ సుత్తి అని పిలిచే ఫిట్టరు కోపానికి నట్లు వాటంతటవే బిగుసుకునేవట. ఒకసారి మొరాయించిన వాల్వును నుదుటితో గుద్దితే పక్క గదిలో వాల్వు కూడా తెరుచుకుందట. నమ్మకపోతే మీ ఖర్మ. ఆయన చేతిలో ముక్కు పగిలినవాళ్ళు ముగ్గురు ఇంకా బతికే ఉన్నారు, అడగండి.

అలాంటి ఫిట్టరుకి ప్రయోగశాల మేడమ్ అరచేతంత తెల్లటి షీటు అప్పగించింది. దాని సన్నటి రంధ్రాల నిండా కొత్త ద్రావకం. కలిసి వచ్చే రెండు గ్యాసుల్లో ప్రొపిలీన్ ఆ తడిలో కరిగి అవతలికి జారుకుంటుంది, ప్రొపేన్ చాలామటుకు ఇవతలే ఉండిపోతుంది. షీటును స్టీలు పళ్ళేల మధ్య బిగించడమే సుత్తి పని.

"రెండు వేళ్ళతో బిగించు. నలిపావంటే తడంతా పిండేసినట్టే," అంది మేడమ్. అప్పటికి రెండు షీట్లు పోయాయి. మూడోదీ పోతే ఆ పని ఆయన బావమరిదికి వెళ్తుంది.

గ్యాసు ఒత్తిడి చూపే గేజి దగ్గరున్న బావమరిది పళ్ళికిలించాడు. "బావా, అక్క మీద కోపం దాని మీద చూపించకు."

పిడికిలి లేచింది. పన్నొకటి బల్ల కిందికి దొర్లింది.

"ఇప్పుడు నవ్వరా!"

"నవ్వుతా," అన్నాడు వాడు నెత్తురు ఉమ్మి. "ఆ పన్ను దాచు, అక్కకి చూపించాలి."

సుత్తి పొడవాటి పానా అందుకున్నాడు. బోల్టులు కీచుమన్నాయి. అంచున ద్రావకం చుక్క మెరిసింది. పాత ద్రావకమైతే ఆవిరై గుట్టు దాచేది. ఇది ఆరదు. ఎవరూ చూడకముందే గుడ్డతో తుడిచేశాడు.

"కారిందా బావా?"

"నోర్మూసుకుని గ్యాసు వదులు!"

తడి పిండేసిన అంచులోంచి గ్యాసు బుస్సుమంది. సుత్తి ఇంకో చుట్టు తిప్పాడు. బోల్టు తెగి తుపాకీ గుండులా దూసుకొచ్చింది. కుడిచేతి మూడు వేళ్ళు గోడకి కొట్టుకుని కింద పడ్డాయి.

బావమరిది వాల్వు కట్టేశాడు, చొక్కా చింపి ఆ చేతికి చుట్టి బయటికి ఈడ్చాడు. "కళ్ళు మూయకు బావా! నువ్వు చస్తే అక్క నన్ను నరుకుతుంది!"

మూడు నెలలకి సుత్తి తిరిగొచ్చాడు. బావమరిది కొత్త షీటు ఆయన ముందే పెట్టాడు. "నువ్వే బిగించు. కారితే చెప్పు, చాలు."

మిగిలిన బొటనవేలు, చూపుడువేలు నట్టును మెల్లగా తిప్పాయి. చుక్క మెరిసింది. గుడ్డ పక్కనే ఉంది.

"కారిందిరా," అన్నాడు సుత్తి.

విప్పారు, తడిపారు, మళ్ళీ బిగించారు. ఈసారి గేజి ముల్లు పెట్టినచోటే నిలబడింది. బావమరిది పంటి సందులోంచి ఈల వేశాడు.