స్విచ్చులు లేని కార్డు

ఆ తెరను కాల్చింది నేనే. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అమ్మతో అనలేదు, చిన్నప్పటి నుంచీ రోజూ రాసుకునే డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీ తీస్తే "షాపువాళ్లు తప్పు కార్డు ఇచ్చారు" అని ఒక్క వాక్యం కనబడుతుంది. ఎవరూ చదవని పుస్తకంలో కూడా నేను అబద్ధం రాసుకున్నాను.

నిన్న విజయవాడలో మా ఆఫీసులో పాత స్టెబిలైజరు ఒకటి కాలిపోయింది. పొగ పెద్దగా రాలేదు గానీ, రాగితీగ మీది పూత మాడిన వాసన గదంతా పట్టుకుంది. బెల్లప్పాకం అడుగంటినప్పటి వాసనలో ప్లాస్టిక్ వాసన కలిస్తే ఎలా ఉంటుందో అలా. అందరూ లేచి కిటికీలు తీస్తున్నారు. నేను చేతిలో ప్రూఫు కాగితం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆ వాసనతో పాటు సాంబశివరావుగారు చీకటి గదిలో ఒక తెర ముందు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తీరు గుర్తొచ్చింది. ఆయన పోయి నాలుగేళ్లయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, జగ్గయ్యపేట బస్టాండు దగ్గర మేడమెట్ల కింద గదిలో ఆయన డీటీపీ సెంటరు నడిపేవారు. శుభలేఖలు, పురుగుమందుల దుకాణాల కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, పెద్దకర్మ కార్డులు, అన్నీ అక్కడే కంపోజు చేసేవాళ్లం. నేను డిగ్రీ ప్రైవేటుగా కడుతూ, తెలుగు టైపింగు నేర్చుకుని, మనుషులతో మాట్లాడాల్సిన పని ఉండదన్న ఆశతో అక్కడ చేరాను. నాన్నకు ఆయన పాత పరిచయం. అందుకని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. అంతకు ముందు పాతికేళ్లు ఆయన విజయవాడలో ఒక అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చారు. అక్షరం ఏ గడిలో ఉందో చూడకుండానే చెయ్యి వెళ్లేదట. బొటనవేలితో తడిమి అది తిరగబడిందో లేదో చెప్పేవారట. ఆ అచ్చాఫీసు మూతపడినప్పుడు యజమాని ఆయనకు ఒక కంప్యూటరూ, దానితో పాటు ఒక పెద్ద తెరా ఇచ్చి పంపాడు.

ఆ తెర గురించి చెప్పాలి. ఇరవై అంగుళాలది. ఇద్దరు మనుషులు పడితే గాని లేవదు. రంగులు లేవు. తెల్ల కాగితం మీద నల్లని అక్షరం, అంతే. పుస్తకాలు కంపోజు చేసే ఆఫీసుల కోసమే చేసిన రకం. చూడటానికి ముసలిదైనా అక్షరం అంచు బ్లేడుతో కోసినట్టుండేది, కొంచెం కూడా వణికేది కాదు. బాబాయిగారికి కళ్లలో నీటికాసులు. చూపు చుట్టూతా మూసుకుపోతూ వస్తోంది. "పక్కలన్నీ పోయినయ్యమ్మా, మధ్యలో కిటికీ మిగిలింది" అనేవారు. మామూలు రంగుల మానిటర్ మీద అక్షరాలు ఆయనకు నీళ్లలో రాసినట్టు కనిపించేవి. ఈ తెర మీద మాత్రం చదవగలిగేవారు. ఆయన ఇంకా పనిచేస్తున్నారంటే అది ఈ తెర వల్లే. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ప్రూఫు దిద్దడంలో ఆయన పాత అచ్చాఫీసు పద్ధతి మానలేదు. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, ఒకరు కంపోజు చేసినదాన్ని చూసుకోవాలి. కామా వస్తే కామా అనాలి, పేరా మారితే పేరా అనాలి. చదివే పని నాది. నా గొంతు నాకే వినపడేది కాదు. "ఏమ్మాయ్, పెళ్లికూతురి పేరు నీకూ నాకూ మధ్య రహస్యమా?" అనేవారు. ఇంకోసారి, "మూగనోము పట్టావా? ఉద్యాపన ఎప్పుడో చెప్పు, కార్డులు నేనే వేస్తా" అన్నారు. అన్నిటికన్నా ఎక్కువగా అన్న మాట ఒక్కటే: "వినపడేట్టు చదువు." రోజుకు ఇరవైసార్లు అనేవారేమో. విసుగు మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు. సాయంత్రం వెళ్లేటప్పుడు అచ్చాఫీసు నుంచి తెచ్చుకున్న నవలల ఫారాలు ఇచ్చేవారు. బైండు కానివి, పదహారేసి పేజీల మడతలు. కొన్నిటికి చివరి ఫారం ఉండేది కాదు. కథ ఎలా ముగిసి ఉంటుందో పొద్దున వచ్చి ఆయనకు చెప్పాలి. ఇంట్లో ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడని నేను అలా మాట్లాడటం మొదలుపెట్టాను.

పెనుగంచిప్రోలు నుంచి ఒక పెద్దకర్మ కార్డు వచ్చింది. తమ్ముడు పోయాడు, అన్నగారి పేరుతో పిలుపు. రాతప్రతిలోనే పొరపాటుండి, చనిపోయినవాడి పేరు ముందు రాయాల్సిన కీ.శే. అన్నగారి పేరు ముందు పడింది. నేను చదివేటప్పుడు చూశాను. చూసి, ఆ రెండక్షరాలూ మింగేసి ముందుకు వెళ్లిపోయాను. కార్డులు అచ్చయి, ఊళ్లో సగం మందికి చేరాక కబురొచ్చింది. బాబాయిగారు మళ్లీ అచ్చు వేయించి, నన్ను వెంటపెట్టుకుని ఆటోలో ఆ ఇంటికి వెళ్లారు. తలుపు తీసింది ఆ అన్నగారే. డెబ్భై ఏళ్ల మనిషి. మమ్మల్ని ఎగాదిగా చూసి, "రండి రండి. చచ్చినోడి ఇంట్లో మంచినీళ్లు తాగుతారా మరి?" అన్నాడు. బాబాయిగారు చేతులు జోడించి తప్పు తనదేనన్నారు. నేను చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటో మున్నేరు దాటింది. ఆయన మెల్లగా, "చదివేటప్పుడు చూసావా?" అన్నారు.

"చూసానండి. మీకు తెలిసే ఉంటుందనుకున్నా."

"నాకు కనపడట్లేదనే కదమ్మా నిన్ను పెట్టుకుంది" అన్నారు. అంతే. మర్నాడు నాకు ఎప్పటిలాగే ఫారం ఇచ్చారు.

ఒక వేసవి చివర గాలివానలో కరెంటు ఒక్కసారిగా ఎక్కువై వచ్చి కంప్యూటరు లోపలి బోర్డు పోయింది. తెర బతికింది. కొత్త బోర్డు వేశారు గానీ దాంట్లో పాత గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే గాడే లేదు. కంప్యూటరు నుంచి బొమ్మను తెరకు పంపేది ఆ కార్డే కాబట్టి కొత్తది కావాలి. మెకానిక్కు తెర కూడా మార్చెయ్యమన్నాడు. బాబాయిగారు అతని దుకాణంలో ఉన్న తెరలన్నిటి ముందూ ఒక్కొక్కదాని దగ్గర కూర్చుని చూసి, లేచి వచ్చేశారు.

ఆ మధ్యాహ్నం ఆయన తెరను వెనక్కి తిప్పించి, వీపు మీద అతికించిన చీటీని భూతద్దంతో నాచేత చదివించారు. "కార్డు కొనేముందు తెరని అడగాలమ్మా. దానికి ఏం పడుతుందో దాని వీపు మీద రాసుంటుంది" అన్నారు. కార్డు బొమ్మను గీతగీతగా ఎంత వేగంతో పంపినా మామూలు మానిటర్లు సర్దుకుంటాయి. ఇది సర్దుకోదు. దీనికి తెలిసిన వేగం ఒక్కటే, అరవై నాలుగు కిలోహెర్ట్జులు. అంతకు ఎక్కువ పంపినా తక్కువ పంపినా లోపల ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కి పోతుంది. మామూలు కార్డు స్విచ్ వేయగానే తక్కువ వేగంతో మొదలవుతుంది, అదే ప్రమాదం. మొదటి క్షణం నుంచీ అరవై నాలుగే పంపేలా ముందుగా అమర్చుకునే కార్డులు కొన్ని ఉంటాయట. వాటి అంచున వరసగా బియ్యపుగింజలంత స్విచ్చులుంటాయి. విజయవాడలో ఒక షాపుకు ఫోన్ చేస్తే అలాంటిది ఒకటి మిగిలి ఉంది, పక్కన పెడతామన్నారు. ఆయన కళ్లల్లో మందు వేసుకున్న వారమది, ఎండలోకి వెళ్లకూడదు. వంకర అక్షరాలతో చీటీ రాసి నా చేతిలో పెట్టారు: "అరవై నాలుగు. స్విచ్చులు ఉండాలి. అడిగి తీసుకో." అడిగి అన్నదాని కింద రెండు గీతలు.

షాపునిండా మగవాళ్లు. కౌంటరు అతను చీటీ అందుకుని, ఒక్కసారి చూసి వెనక్కిచ్చి, అరలోంచి మెరిసే డబ్బా ఒకటి తీసి పెట్టాడు. "ఇది ఏ మానిటర్‌కైనా పడుద్దండి. ఆ స్విచ్చులవీ ఇప్పుడెవరు వాడుతున్నారు?" అన్నాడు. నేను ఫోన్ చేసినవాళ్ల తరఫున వచ్చానని చెప్పాలి. పక్కన పెట్టిన కార్డు ఉందా అని అడగాలి. ఒక్క వాక్యం. నోటి దాకా వచ్చింది కూడా. వెనక నుంచి ఎవరో, "కొంచెం తొందరగా కానీండమ్మా" అన్నారు. నేను తల ఊపి డబ్బా తీసుకున్నాను.

బస్సులో డబ్బా తెరిచి చూశాను. అంచు నున్నగా ఉంది. ఒక్క స్విచ్చు కూడా లేదు. పరిటాల దాటింది, కంచికచర్ల వచ్చింది. అక్కడ దిగి వెనక్కి వెళ్లొచ్చు. వెళ్తే మళ్లీ ఆ కౌంటరు దగ్గర నిలబడాలి. నందిగామ కూడా దాటిపోయింది. కార్డును డబ్బాలో పెట్టి మూత బిగించాను.

బాబాయిగారు కార్డు చేతిలోకి తీసుకుని, సీసపు అక్షరాన్ని తడిమినట్టే బొటనవేలితో దాని అంచు వెంట తడిమారు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చారు. "స్విచ్చులేవమ్మా?"

"సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయంటండి. అరవై నాలుగే వస్తదన్నాడు."

"నువ్వు అడిగావా?"

"అడిగానండి."

"అడిగావా!" అన్నారు. ఆ ముఖంలో వచ్చిన సంతోషం కార్డు దొరికినందుకు కాదు. నేను నలుగురి మధ్య నోరు తెరిచి అడిగానని. బొటనవేలు చెప్పినదాన్ని పక్కన పెట్టి, నా మాట నమ్మి ఆ కార్డు బిగించారు.

స్విచ్ వేయగానే సన్నగా, చెవిలో సూది దింపినట్టు ఒక కూత మొదలైంది. తెర మధ్యలో తెల్లటి గీత వచ్చింది. నేను వైరు లాగేలోపు ఆ గీత చుక్కయింది. తర్వాత ఆ వాసన. బాబాయిగారు చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇంకా ఏదైనా కనబడుతుందేమోనన్నట్టు, చాలాసేపు ఆ తెర వంకే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు షాపుకు ఫోన్ చేశారు. నేను ఎదురుగానే ఉన్నాను. అవతలివాళ్లు చెప్పేది చాలాసేపు విన్నారు. "సరేలెండి" అని పెట్టేశారు. నావైపు తిరిగి, ఆ పూట చదవాల్సిన రాతప్రతి నా చేతికిచ్చారు. తర్వాత ఎవరడిగినా, "నాదే పొరపాటు, చేత్తో చూసి కూడా పెట్టా" అనేవారు. ఆయనకు ఏం తెలుసో, ఎంత తెలుసో, ఇప్పటికీ నాకు తెలియదు.

ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడా దొరకలేదు. రంగుల మానిటర్ మీద రెండు నెలలు ప్రయత్నించారు. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తువ్వాలుతో ఒత్తుకుంటూ, ముక్కు తెరకు ఆనించి చదివేవారు. తర్వాత అది కూడా మానేసి, కంపోజు చేసింది కూడా నాచేతే చదివించుకునేవారు. ఇద్దరు చేసే పని నేనొక్కదాన్నే చేస్తుంటే తప్పులు దొర్లేవి. శుభలేఖల వాళ్లు వేరే చోటుకు వెళ్లడం మొదలుపెట్టారు. దసరాలోపు గది ఖాళీ చేసి ఆయన నందిగామలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. పని లేని చేతులు కదా, మంచం పట్టెను తడుముతూ ఉంటాయని వాళ్ల చెల్లెలు చెప్పింది. నెలకొకసారి వెళ్లి నవలలు చదివి వినిపించేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ఆ మాట చెప్పాలనే వెళ్లాను.

రెండేళ్లకు ఆయన పెద్దకర్మ కార్డు మా ఇంటికి వచ్చింది. వేరే ఎవరో కంపోజు చేసింది. కీ.శే. సరైన పేరు ముందే ఉందో లేదో పైకి చదివి చూసుకున్నాను. ఉంది. ఇప్పుడు ప్రూఫులు చూడటమే నా ఉద్యోగం. అనుమానం వస్తే లేచి వెళ్లి రచయితనైనా సరే అడుగుతాను. మాట వణుకుతుంది, అయినా అడుగుతాను. రెండు గీతలున్న ఆ చీటీ నా డైరీలో ఉంది. ప్రతి జనవరిలో పాత డైరీలోంచి కొత్తదానిలోకి మారుస్తాను.

ఆఖరిసారి వెళ్లినప్పుడు, వద్దంటున్నా వినకుండా ఆయన కర్ర పట్టుకుని నాతో నందిగామ బస్టాండు దాకా వచ్చారు. అప్పటికి ఆయన చూపు మధ్యలో మిగిలిన ఆ కిటికీ కూడా మూసుకుపోయింది. నేను బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన బస్సు రేకు మీద చెయ్యి ఆనించి కింద నిలబడ్డారు. డ్రైవరు ఎక్కి ఇంజను వేశాడు. ఇక టైము లేదనిపించింది. కిందికి వంగి, "బాబాయిగారూ, ఆ రోజు షాపులో నేను అడగలేదండి" అన్నాను. ఎప్పటి నా చిన్న గొంతుతోనే అన్నాను. ఇంజను మోతలో అది నాకే వినపడలేదు. ఆయన ముఖం పైకెత్తి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. ఏమీ లేదన్నట్టు నేను చెయ్యి ఊపాను, ఆయనకు కనబడదని మరిచిపోయి. బస్సు కదిలింది. రేకు మీద చెయ్యి తియ్యకుండా ఆయన రెండడుగులు వెంట నడిచారు.

"వినపడలేదమ్మా. వినపడేట్టు చెప్పు."