చిన్నాయన ఒక్కపొద్దులు

పరుగు పందెం దగ్గరపడుతోందని మొన్న మా మనవరాలు పళ్లెం ముందునుంచి లేచిపోయింది. "బరువు తగ్గాలె అమ్మమ్మా, బలవంతం చెయ్యకు" అంది. పళ్లెం తీసేశాను గానీ, ఆ పూట నాకూ ముద్ద దిగలేదు. మా చిన్నాయన గుర్తొచ్చాడు.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో, లక్సెట్టిపేట దగ్గర మా ఊళ్లో చిన్నాయన కుస్తీలు పట్టేవాడు. అప్పట్లో తూకాలూ గీకాలూ లేవు. జాతరలో పెద్దమనుషులు పహిల్వాన్లను ఇద్దరేసి పక్కపక్కన నిలబెట్టి, కంటితోనే కొలిచి జోడు కట్టేవారు. ఒళ్లు చేసినవాడికి ఒళ్లు చేసినవాడే జోడు. చిన్నాయనేమో తిండిపుష్టి గలవాడు. బాపమ్మ, అంటే ఆయన తల్లి, జొన్నరొట్టె మీద నెయ్యి వేసేది కాదు, పోసేది. ఆ ఒంటికి ప్రతి జాతరలోనూ ఏ దున్నపోతులాంటివాడో తగిలి వెల్లకిలా పడేసేవాడు. సన్నబడితే సన్నవాళ్లే జోడొస్తారు, గెలిచినవాడికిచ్చే వెండి కడెం తనకే దక్కుతుంది అనుకున్నాడు.

ఇంట్లో చెబితే బాపమ్మ ఒప్పుకుంటుందా? అందుకని హనుమంతుడి పేరు చెప్పి శనివారం ఒక్కపొద్దు మొదలుపెట్టాడు. తర్వాత మంగళవారం. ఆపైన సోమవారం శివుడికి, గురువారం ఇంకే దేవుడికో. మా ఇంట్లో దేవుడి పేరు చెబితే ఎదురాడే నోరు లేదు. "గిసొంటి కొడుకు ఎవలికుంటడు" అని బాపమ్మ వాడకట్టంతా చెప్పుకుని మురిసింది. వెండి కడెం రానే వచ్చింది. తిండి మాత్రం తిరిగి రాలేదు. కడెం మోచేతి దాకా జారుతున్నా నడుం గిల్లి చూసుకుని, "ఇంక జర ఉన్నది" అనేవాడు.

మరుసటి జాతరలో జోడుగాడితో చెయ్యి కలపకముందే మట్టిలో కూలిపోయాడు. కుస్తీ నేర్పిన ఉస్తాద్ మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టి, "గిది భక్తి గాదమ్మా, బీమారి. తినకుంటె దక్కడు" అన్నాడు. బాపమ్మ ఏడ్చింది, తిట్టింది, ముద్దలు కలిపి పెట్టింది. ఆయనకూ తినాలనే ఉండేది పాపం. నోటిదాకా తెచ్చుకుని చెయ్యి దించేసేవాడు. "మొక్కున్నది అవ్వా" అనేవాడు.

మా వైపు కొడుకు మొక్కును తల్లి తన మీదేసుకోవచ్చు. ఒక పొద్దున బాపమ్మ స్నానం చేసి, తడిబట్టలతోనే దేవుడి గూటి ముందు నిలబడి, "వాని ఒక్కపొద్దులన్ని ఇయ్యాల్టి సంది నాయి" అని చెప్పుకుంది. వచ్చి పళ్లెం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఇగ నీకు మొక్కు లేదు కొడుకా. తిను."

చెప్పడానికి సాకేదీ మిగల్లేదు. చిన్నాయన సగం రొట్టె తినేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అలా రోజుకింత పెంచుకుంటూ మళ్లీ మనిషయ్యాడు. కుస్తీల జోలికి పోలేదు. బాపమ్మ మాత్రం ఆ వారాలు ఒంటిపూట తిండితోనే గడిపింది. తను విడిస్తే అవి మళ్లీ కొడుకు దగ్గరికే పోతాయని ఆమె భయం.

కొన్నేళ్లకు ఆమె పోయింది. దినాలైన మరునాడు ఇంటిల్లిపాదీ చిన్నాయన ముఖమే చూస్తున్నాం. ఆ మొక్కులిప్పుడు ఎవరివని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన గోడ దగ్గర్నుంచి లేచాడు. పీట వాల్చుకుని, "ఆకలైతుంది బిడ్డా, పెట్టు" అన్నాడు నాతో. ఏడుస్తూనే పెట్టాను, ఏడుస్తూనే తిన్నాడు.

ఆయనా పోయి ఏళ్లవుతోంది. ఎంత బెంగగా ఉంటుందో చెప్పలేను. కాలం మనుషుల్ని తీసుకుపోయింది, సరే. పొయ్యి వెలిగించే వేళకు వాళ్లకోసం గుమ్మంవైపు చూసే అలవాటునెందుకు నా దగ్గర వదిలిపెట్టిందో తెలియదు.