అక్క ఆల్బమ్‌లో మూడో పిల్ల

ధర్మవరంలో అక్క పోయాక, ఆమె ఆల్బమ్‌లు హిందూపురంలో ఒంటరిగా ఉంటున్న నా దగ్గరికి చేరాయి. పేజీలన్నీ అతుక్కుపోయాయి. అట్టలు పాతసామాన్లాయనకు వేద్దామని, ఆయన్ని వాకిట్లో కూర్చోబెట్టి ఫొటోలు ఊడదీస్తున్నాను.

పెనుకొండ కోట దగ్గర తీసిన ఫొటో ఒకటి వచ్చింది. చిన్నప్పటి నేనూ అక్కా, మా ఇద్దరి భుజాల మీదా చేతులేసి నవ్వుతున్న ఇంకో పిల్ల.

“ఈ పాప ఎవురమ్మా?” అన్నాడాయన.

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. “మా అక్కకు తెలుసప్పా. అడుగుదామంటే ఇప్పుడు ఆమె యాడుండాది?” అన్నాను.

ఆయన ఆ ఫొటోను తుండుగుడ్డతో తుడిచి నా ఒళ్లో పెట్టాడు. మిగతా ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తూ, ఎవరెవరో ఆయనకు చెప్పాను. ఆ వారంలో నేను మనిషితో మాట్లాడింది అదే మొదలని ఆయన వెళ్లాక తెలిసింది.