సాక్ష్యం ఎక్కడ పెట్టాలి?

మా అత్త గొంతు నేను మార్కాపురం బస్టాండులో విన్నాను. ఆమె అక్కడ లేదు. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు చంకలో పెట్టుకుని తర్లుపాడు బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్క బెంచీ మీద కాలేజీ కుర్రాళ్లు ఒక ఫోను మీదికి వంగి ఉన్నారు. అందులోంచి మా అత్త అంటోంది: "ఏంది నాయనా, నిద్రపోతుండావా?" ఆ వెంటనే టీవీ కామెడీల్లో వినిపించే గుంపు నవ్వు. బస్సు రాలేదన్న విసుగుతో ఒకడు కంట్రోలరు గది వైపు తిరిగి, అచ్చం మా అత్తలాగే సాగదీసి అదే మాట అన్నాడు. బెంచీ బెంచీ అంతా విరగబడి నవ్వింది.

ఆ మాట మా అత్త దేవునితో అన్నది.

మాది తర్లుపాడు దగ్గర పల్లె. మా చర్చిలో ఉన్నవాళ్లంతా కూలికి పోయేవాళ్లు, మేకలు కాసేవాళ్లు. ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. ఆ వారం దేవుడు తనకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఒక ఆదివారం మా అత్త లేచింది. మేకలు కొండలో తప్పిపోతే పొద్దు గూకేదాకా వెతికిందట. అలిసిపోయి రాయి మీద కూలబడి పైకి చూసి కేకేసిందట. "ఏంది నాయనా, నిద్రపోతుండావా? ఆ పొద్దు పడవలో పడుకున్నట్ల ఈ పొద్దు కూడా పడుకున్నావా? లెయ్యి, నా మేకలు యాడుండాయో చూడు" అని. తుఫానులో పడవ మునగబోతుంటే యేసు నిద్రపోతున్నాడని, శిష్యులు లేపారని బైబిల్లో ఉంది. అప్పుడు వాగు అవతల నుంచి మేక మెడలో గంట వినపడిందట. చెప్తూ ఆమె ఏడ్చింది, మేము నవ్వుతూనే ఏడ్చాం, అందరం ఆమెన్ అన్నాం. మా వైపు నాయన అంటే తండ్రి. కన్నతండ్రిని 'నువ్వు' అని పిలవకపోతే ఇంకెవరిని పిలుస్తాం?

మా ఆరాధన వీడియోలు ఇంటర్నెట్లోకి ఎక్కింది హైదరాబాదుకు, బెంగుళూరుకు పనికి పోయినవాళ్ల కోసం. అయ్యగారే, అంటే మా పాస్టరే, అందరూ వాడే వీడియో సైటులో ఛానెల్ పెట్టారు. పెట్టేటప్పుడు అది "ఇది పిల్లల కోసం చేసిన వీడియోనా?" అని అడిగింది. "మనమంతా దేవుని పిల్లలమే గదా" అంటూ ఆయన అవునని నొక్కారు. పిల్లల వీడియోల కింద రాయనివ్వరట, దాంతో ఎవరూ ఏమీ రాయడానికి లేకుండా పోయింది. ఆమెన్ కూడా రాయలేకపోతున్నామని బెంగుళూరు వాళ్లు గొడవపెట్టారు. అప్పుడు అయ్యగారి అల్లుడు పని చేతిలోకి తీసుకున్నాడు. గిద్దలూరులో అతనికి ఫోటో స్టూడియో ఉంది. ఆ తప్పు సరిచేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. సాక్ష్యాలను ముక్కలుగా కోసి, విడివిడిగా, లోకమంతా చూసేటట్టు పెట్టాడు. మా అత్త ముక్కకు పేరు కూడా పెట్టాడు: "దేవుణ్ణే తిట్టిన అవ్వ!"

దాన్ని ఎవరో వేళాకోళం పేజీవాళ్లు ఎత్తుకుపోయి నవ్వులు అతికించారు. కింద రాతలన్నీ నేను చదివాను. నవ్వినవాళ్ల మీదకన్నా, భక్తులమని చెప్పుకునేవాళ్ల మీద నాకు కడుపు మండింది. "దేవునితో ఇట్లనా మాట్లాడేది? ఈమెకు మారుమనస్సు లేదు" అని రాశారు. ఆ రాసినవాళ్లలో ఒక్కరన్నా కొండలో పొద్దు గూకాక ఒంటరిగా మేకల కోసం తిరిగారా?

పక్కింటామె ఫోను తెచ్చి అత్తకు చూపించింది. "అక్కా, నువ్వు ఫేమస్సయిపోయినావు" అంది. పాపం, సంతోషంగానే చూపించింది. అత్త చివరిదాకా చూసి, "ఎందుకు నవ్వుతాండారు?" అని మాత్రం అడిగింది.

ఆ రాత్రి అన్నం ముందు ఆమె చేసిన ప్రార్థన విని నేను ముద్ద కలపలేకపోయాను. "మహోన్నతుడవైన ప్రభువా, తమరు..." అంటోంది. తహశీల్దారు ఆఫీసులో తప్ప ఆమె నోట ఎన్నడూ రాని తమరు! ఆదివారం చర్చిలో వీడియో తీసే ఫోను స్టాండుకు కనపడకుండా స్తంభం వెనక కూర్చుంది. సాక్ష్యానికి లేవలేదు.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. తర్వాతి చదువంతా మార్కాపురం గ్రంథాలయంలోనే. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు, అల్లుడు, సంఘపెద్దలు కూర్చుంటే, ఎవరూ పిలవకుండానే పోయి చాప మీద కూర్చున్నాను.

"ఆ సాక్ష్యాలు తీసెయ్యండి" అన్నాను.

అల్లుడు నవ్వాడు. "ఏంది వదినా అట్లంటావు? మన ఛానెల్‌ను ఎప్పుడన్నా ఇంతమంది చూసినారా? ఇది కూడా సేవే."

"ఎవరికి సేవ? దేవునికా, నీ స్టూడియోకా?"

సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, దీపాన్ని తెచ్చి కుంచం కింద పెడతారా ఎవరన్నా?"

"దీపాన్ని ఎత్తున పెట్టమన్నారు మామా. ముసలామెను ఎత్తున నిలబెట్టి లోకంచేత రాళ్లేయించమనలేదు."

"అయితే యాడ పెట్టమంటావు, బీరువాలోనా?" అన్నాడు అల్లుడు. "నీ లైబ్రరీలో ఏమన్నా రాసుంటే చెప్పు వదినా, వింటాం."

"రాసే ఉంది. బయటి బల్ల మీదవి ఎవరైనా తిరగెయ్యొచ్చు. కొన్నిటి మీద ఇంటికి ఇవ్వబడదు అని ఉంటది. అవి అక్కడే కూర్చుని చదవాల. పేజీలు చింపుకుపోయేవాళ్లుంటారని ఆ జాగ్రత్త. అయ్యగారి ప్రసంగం బయటి బల్ల మీద పెట్టుకో. సాక్ష్యం మాత్రం ఇంటికి ఇచ్చేది కాదు."

"సరే, లింకు ఉన్నోళ్లకే కనపడేట్ల పెడతా. ఒక్కడు ఫార్వర్డు చేసినాడంటే నీ బీరువా పగిలినట్టే, ఏం చేస్తావు?"

ఆ మాట నిజమే. అందుకు ఇంకా కోపమొచ్చింది. "అయితే సాక్ష్యాలప్పుడు ఫోను ఆర్పెయ్యి. బెంగుళూరోళ్లకు వాళ్ల అమ్మలే ఫోన్ చేసి చెప్తారు. ఇన్నాళ్లూ అట్లనే గదా తెలిసింది!"

అయ్యగారు తల దించుకునే అన్నారు: "పడవలో ఆయన నిద్రపోయినాడని ఆమెకు చెప్పింది నేనే." అల్లుడి వైపు తిరిగారు. "తీసెయ్యి నాయనా. ప్రసంగం, పాటలు చాలు. సాక్ష్యాలు ఈ గోడలు దాటొద్దు."

అల్లుడు మూతి ముడుచుకుని మా ఛానెల్లోవి తీసేశాడు. వేళాకోళం పేజీలోది మాత్రం అట్లాగే ఉంది. దాని మీద ఫిర్యాదు చేయడానికి నేను కూర్చున్నాను. కారణం ఎంచుకోమని సైటు వరసగా చూపించింది: హింస, మోసం, అసభ్యం. ఒక మనిషి ప్రార్థనను నవ్వులపాలు చేశారు అనే కారణం అందులో లేదు. దగ్గరగా ఉన్నదేదో నొక్కాను. పరిశీలించాం, తప్పేమీ లేదు అని జవాబొచ్చింది. తప్పేమీ లేదట!

మొన్న సాయంత్రం దొడ్లో కొత్తగా ఈనిన మేక పిల్లను దగ్గరికి రానివ్వడం లేదు. అత్త పిల్లను పొదుగు దగ్గర పెడుతోంది, తల్లి కాలితో తంతోంది. "ఓ ప్రభువా, తమరు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. వెనక్కి తిరిగి, గడపలో ఉన్న నన్ను చూసింది.

"చేతిలో ఏందే అది?"

"పుస్తకం అత్తా."

"ఫోను?"

"లోపల చార్జింగులో ఉంది."

కాసేపు నా చేతినే చూసింది. తర్వాత మేక వైపు తిరిగి, మెడ మీద చెయ్యేసి, నాకు కూడా సరిగా వినపడనంత మెల్లగా అంది: "ఏంది నాయనా, చూస్తానే ఉంటావా?"

కొండ దద్దరిల్లేట్టు పిలిచిన మనిషి, ఇప్పుడు తన దొడ్లో, తన తండ్రిని గుసగుసగా పిలుస్తోంది.